డిక్కీలో తుపాకీ: విశాఖ పోలీసు కమిషనర్ గారికి ఒక గన్‌మన్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం నగర పోలీసు కమిషనర్ గారికి,

నమస్కారం. నేను ఆర్మీలో చేసి రిటైరైనవాణ్ని. ప్రస్తుతం ఏటీఎంలకు డబ్బు చేరవేసే వ్యానులో గన్‌మన్‌గా పనిచేస్తున్నాను. పెందుర్తి వైపు ఉంటాను. ఈ లేఖ మీ పేరున రాస్తున్నా, మన ఊళ్లో ఆయుధ లైసెన్సు ఉన్నవాళ్లంతా చదవాలనే బహిరంగంగా పెడుతున్నాను. ఇందులో కొన్ని పనులు మీరు చేయాల్సినవి, ఎక్కువ పనులు మేం చేయాల్సినవి.

గన్‌మన్ అనగానే తుపాకీ కంపెనీయే ఇస్తుందని జనం అనుకుంటారు. చాలాచోట్ల అలా ఉండదు. సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్న మాజీ సైనికుడికే పని దొరుకుతుంది. యూనిఫాం వాళ్లిస్తారు, టోపీ వాళ్లిస్తారు. రెండు గొట్టాల పొడుగు తుపాకీ, అదే డబుల్ బ్యారెల్, మాత్రం మనదే. కాబట్టి డ్యూటీ దిగాక అది కూడా మనతోపాటే ఇంటికొస్తుంది, బైకు మీదో, షేర్ ఆటోలోనో, సిటీ బస్సులోనో. 2018లో కేంద్ర హోం శాఖ తెచ్చిన నమూనా నిబంధనల ప్రకారం క్యాష్ వ్యానులో ఇద్దరు సాయుధ గార్డులుండాలి, నగరాల్లో రాత్రి 9 దాటాక ఏటీఎంలో డబ్బు పెట్టకూడదు. వ్యానులో డబ్బుకు ఇనప పెట్టె ఉంది, కెమెరా ఉంది, జీపీఎస్ ఉంది. అదే గార్డు, అదే తుపాకీతో ఎన్ఏడీ జంక్షన్ దాటి ఇంటికి పోతుంటే మాత్రం అది ఎలా వెళ్తోందని అడిగే నాథుడు లేడు.

కార్లలో తిరిగేవాళ్లది ఇంకో తంతు. కాంట్రాక్టర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, నగల వ్యాపారులు, రాజకీయ నాయకులు. వీళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది .32 రివాల్వరు, లేదంటే .32 పిస్టలు. అరచేతిలో ఇమిడేది కాబట్టి ఎక్కడైనా పడేయొచ్చు అనుకుంటారు. సీటు కింద, గేరు పక్కన, డ్యాష్‌బోర్డు అరలో, డోరులో నీళ్ల బాటిల్ పెట్టుకునే చోట. ఇంట్లో అయితే బీరువాలో ఉంటుంది. ఒంటి మీద ఉంటే దాని ఒరలో, అంటే హోల్‌స్టర్‌లో ఉంటుంది. బండిలో ఉన్నంతసేపూ మాత్రం దానికి ఒక చోటంటూ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. బండి తుపాకీని తీసుకెళ్లడానికే, ఉంచడానికి కాదు. మనిషి దిగిపోయాక తుపాకీ లోపల ఉండిపోకూడదు. తప్పనిసరై ఉండాల్సొస్తే తూటాలు తీసేసి, తాళమున్న పెట్టెలో, కాసేపే ఉండాలి. ఆ తప్పనిసరి పరిస్థితి రోజూ రాకుండా చూడటం మాత్రం మీ చేతుల్లో ఉంది.

చట్టం ఈ విషయంలో మూగగా ఏమీ లేదు. 1959 ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు చూడండి. జనం తిరిగే చోటికి చేతి తుపాకీ తీసుకెళ్తే అది ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లోగానీ, భుజాన వేసుకునే సంచి లాంటిదాంట్లోగానీ ఉండాలి. పొడుగు తుపాకీ అయితే దానికోసమే చేసిన కవరులో ఉండాలి. ఏదైనా సరే పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఊపితే లైసెన్సుకే ఎసరు. అంటే గుట్టుగా ఉంచుకోవడం మన ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. ఫంక్షన్ హాల్లో కుర్చీ వెనక్కి వాల్చి, చొక్కా కాస్త పక్కకి జరిపి, రివాల్వర్ పిడి అందరికీ కనబడేలా కూర్చునే పెద్దమనుషులు ఈ ముక్క ఒకసారి చదువుకుంటే మంచిది. లైసెన్సు షరతులు తప్పితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, రెండు వేల రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకు 2019 సవరణలో వేరే లెక్క ఉంది: రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

మరి బీచ్ రోడ్డులో కారు ఆపి, యజమాని హోటల్లోకి వెళ్లి గంటన్నర భోంచేస్తుంటే, సీటు కింద ఉన్న పిస్టలు ఎవరి అదుపులో ఉన్నట్టు? కారు అద్దం అదుపులోనా? అది స్పార్కు ప్లగ్గు ముక్కకే పొడిపొడి అయిపోతుంది.

‘డ్రైవరున్నాడు కదండీ’ అంటారు. డ్రైవరుకు లైసెన్సు లేదు. లైసెన్సుదారుడి సమక్షంలోనో, అతను రాసిచ్చిన కాగితంతోనో వేరేవాళ్లు తుపాకీ మోయడానికి 3వ సెక్షన్‌లో చిన్న వెసులుబాటు ఉన్న మాట నిజమే. అది రిపేరుకో, రెన్యువల్‌కో, యజమాని వాడుకోవడానికి అందించేందుకో. సారు మీటింగులో ఉన్నంతసేపూ డ్రైవరు డిక్కీకి కాపలా కాయడం అందులోకి రాదు. రేపేదైనా జరిగితే సారుకు లాయరు దొరుకుతాడు. నెలజీతానికి పనిచేసే ఆ కుర్రాడి గతేమిటి?

బైకు మీద పొడుగు తుపాకీ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. డబుల్ బ్యారెల్‌ని యథాతథంగా భుజానికి తగిలించుకుని బండి నడిపితే గొట్టం హెల్మెట్ పక్కనుంచి పైకి లేచి ఉంటుంది. సిగ్నల్ పడితే చాలు, వెనకున్న కుర్రాళ్లు సెల్‌ఫోన్లు తీస్తారు. బస్సెక్కితే సరేసరి. ‘ఏటి బావూ అది, తుపాకీయేనా?’ అని మొదలుపెట్టి, ఎంతకి కొన్నావు, ఎంతమందిని కాల్చావు అనే దాకా వెళ్తారు. ఒకావిడైతే మనవణ్ని దగ్గరికి లాక్కుని నా వైపు చూసిన చూపు చూడాలి!

దీనికి మందు ఆ తుపాకీలోనే ఉంది. గొట్టాల కింద ఉండే ముందు చెక్క లాగితే ఊడి వస్తుంది. మీట తిప్పి తుపాకీని మడతపెడితే గొట్టాలు కొక్కెం నుంచి విడిపోతాయి. గొట్టాల జత, భుజానికి ఆనించే బట్టు ఉన్న భాగం, ముందు చెక్క, మొత్తం మూడు ముక్కలు. ఒక్కోదాన్ని నూనెగుడ్డలో చుట్టి, జిప్పున్న సంచిలో పెట్టుకుంటే పొడవు మూడడుగులు కూడా ఉండదు. చూసేవాళ్లకు క్రికెట్ కిట్టులా ఉంటుంది. విప్పిన తుపాకీ పేలదు, ఎవడైనా లాక్కున్నా ఆ నిమిషానికి దాంతో చేసేదేమీ లేదు. తూటాలు అదే సంచిలో ఉండవు, నడుముకు కట్టుకున్న పౌచ్‌లో ఉంటాయి. డ్యూటీ పాయింటుకు చేరాక మళ్లీ బిగించడానికి ఎంతోసేపు పట్టదు. మా తోటి గన్‌మన్లలో చాలామందికి ఇది తెలిసినా చేయరు. బద్ధకం ఒక కారణం. భుజాన తుపాకీ కనబడుతుంటే దారిలో ఉండే మర్యాద ఇంకో కారణం. ఆ మర్యాద కోసమే అయితే యూనిఫాం చాలు.

స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టొద్దు. సీటు ఒక పక్క పట్టుకుని గట్టిగా లాగితే సందు వచ్చేసే బళ్లు ఎన్నో ఉన్నాయి. పైగా కింద ఇంజను వేడి.

ఇక కార్లు. సీటు కింద పెట్టిన రివాల్వర్ అక్కడే ఉండిపోదు. అనంతగిరి మలుపుల్లో దిగుతూ గట్టిగా బ్రేకు కొడితే ముందుకు జారుతుంది. జారి పెడల్ కిందికి చేరితే, అది పేలక్కర్లేదు, ప్రాణం తీయడానికి బ్రేకు పడకపోతే చాలు. డోరు సందులో పెడితే డోరు తీసినప్పుడల్లా పక్కవాడికి దర్శనం. డ్యాష్‌బోర్డు అర అన్నిటికంటే ప్రమాదం. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు మెకానిక్ తెరుస్తాడు, కారు కడిగే కుర్రాడు తెరుస్తాడు, ఫంక్షన్ హాలు దగ్గర తాళాలు తీసుకుని కారు పార్క్ చేసే మనిషి తెరుస్తాడు. చాక్లెట్ కోసం ఇంట్లో పిల్లలు తెరుస్తారు. అన్నట్టు ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు కూడా అందులోనే పెడతాం. రాత్రిపూట తనిఖీలో కానిస్టేబుల్ కాగితాలు అడగ్గానే మన చెయ్యి తుపాకీ ఉన్న అరలోకి వెళ్తుంది. అవతల టార్చిలైటు పట్టుకున్నవాడికి ఆ క్షణంలో ఏమనిపిస్తుందో ఆలోచించారా?

‘ఆపదొస్తే చేతికందాలి కదా, అందుకే పక్కన పెట్టుకుంటాం’ అనేవాళ్లకు నా జవాబు: అయితే ఒంటి మీద పెట్టుకోండి. మంచి హోల్‌స్టర్, ట్రిగ్గర్ పూర్తిగా కప్పేది, బెల్టు గట్టిగా పట్టేది కొనుక్కోండి. సీటు బెల్టు బకిల్ దానికి అడ్డం పడకుండా ఒకసారి ఇంట్లో ఖాళీ తుపాకీతో సరిచూసుకోండి. ఒంటి మీద ఉన్న తుపాకీ మీరు దిగితే మీతో దిగుతుంది. మర్చిపోయే సమస్యే లేదు. సీటు పక్కన ఉన్నది ఆపదలో చేతికందుతుందన్నది కూడా ఒట్టి భ్రమ. గుద్దుడు జరిగిన కారులో ఏ వస్తువు ఎక్కడ పడిందో ఎవరికీ తెలీదు.

గుడికో, కోర్టుకో, ఆస్పత్రికో వెళ్లాలి, లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదు అన్నప్పుడే పెట్టె అవసరం. మందపాటి ఉక్కు రేకు పెట్టె, సీటు పట్టాల బోల్టులకు బిగించిందో, ఉక్కు తీగతో సీటు ఫ్రేముకు కట్టిందో కావాలి. బిగించని పెట్టెను దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు, ఇంటికెళ్లి తీరిగ్గా పగలగొట్టుకుంటాడు. పెట్టె బయటికి కనబడకూడదు. హ్యాచ్‌బ్యాక్ కార్లకు, ఎస్‌యూవీలకు వెనక అద్దంలోంచి డిక్కీ మొత్తం కనిపిస్తుంది, పైన అడ్డు పలక లేకపోతే. తాళంచెవి కారు తాళాల గుత్తిలో ఉండకూడదు, ఎందుకంటే ఆ గుత్తి రోజుకు నలుగురి చేతులు మారుతుంది. తూటాలు ఆ పెట్టెలో వద్దు, మీ జేబులోనే ఉంచుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. పెట్టెలో పెట్టే పని గుడి మెట్ల దగ్గర చేయకండి. సింహాచలం కొండ మీద పార్కింగ్‌లో కారు ఆపి, డిక్కీ ఎత్తి, నడుము నుంచి రివాల్వర్ తీసి లోపల పెట్టి తాళం వేశారనుకోండి. దాచారా, చాటింపు వేశారా? చూసేవాడు చూస్తాడు. మీరు దర్శనం చేసుకుని వచ్చే లోపల వాడి పని వాడు చేసుకుంటాడు. తీసుకెళ్లలేని చోటికి వెళ్తున్నామని ముందే తెలిస్తే ఇంటి దగ్గరే, గేటు లోపలే ఆ పని ముగించండి. అంతకన్నా మంచి పని ఒకటుంది, ఆ రోజుకు దాన్ని ఇంట్లో వదిలేయడం.

కారు మీద తుపాకీ బొమ్మ స్టిక్కర్లు, వెనక అద్దానికి రెండు పిస్టళ్ల ఫొటో, ‘లైసెన్స్‌డ్’ అని ఎర్ర అక్షరాలు. ఇవన్నీ దొంగకు ఇచ్చే అడ్రసులు. బ్యాంకు దగ్గర డబ్బు సంచుల కోసం కాపు కాసే ముఠాల పద్ధతి మీకు చెప్పక్కర్లేదు. టైరు కింద మేకు పెడతారు, ‘సార్, బానెట్ కింద ఆయిల్ కారుతోంది’ అంటారు, పది రూపాయల నోట్లు రోడ్డు మీద చల్లి ‘మీవేనా’ అంటారు. మనం దిగి వంగేసరికి రెండో వైపు తలుపు తెరిచి సంచి లేపేస్తారు. ఆ సంచిలో డబ్బుంటే ఒక ఇంటికి నష్టం. తుపాకీ ఉంటే ఆ నష్టం ఏ ఇంటికి తగులుతుందో చెప్పలేం. పోయిన తుపాకీ గురించి వెంటనే స్టేషన్‌లో చెప్పాలని లైసెన్సు షరతుల్లోనే ఉంది. కానీ లైసెన్సు పోతుందన్న టెన్షన్‌తో, ఇంట్లోనే ఎక్కడో ఉండి ఉంటుందిలే అని జనం రోజులు దొర్లిస్తారు. కమిషనర్ గారూ, గంటలోపు వచ్చి చెప్పినవాడిని, వారం తర్వాత వచ్చినవాడిని ఒకే గాటన కట్టబోమని మీ నోటి నుంచి ఒక మాట వస్తే, ఆ మొదటి రోజు వృథా పోదు.

మన ఊరికి ప్రత్యేకంగా ఇంకో బాధ ఉంది, ఉప్పుగాలి. హైదరాబాద్‌లో తుపాకీ కొన్న మనిషి ఇక్కడికి బదిలీ అయి వస్తే మొదటి ఏడాదిలోనే అర్థమవుతుంది. నల్లగా మెరిసే లోహం మీద ముందు గోధుమ రంగు చుక్కలు వస్తాయి. చుక్కను తుడిస్తే పోతుంది, వదిలేస్తే గుంట పడుతుంది. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి కారులో వదిలేస్తే మరీ ఘోరం, తోలు తేమను పీల్చి లోహానికి అంటిస్తుంది. మధ్యాహ్నం ఎండలో మూసిన కారు లోపల పొయ్యి, రాత్రి చెమ్మ. ఆ వేడికి తూటా దానంతటదే పేలదు, ఆ భయం అక్కర్లేదు. కానీ నెలల తరబడి కాగి, చల్లారి, చెమ్మ పట్టిన తూటా అవసరమైన రోజున పేలుతుందన్న నమ్మకం కూడా ఉండదు. మా డబుల్ బ్యారెల్ తుపాకీల్లో వేసే 12 బోర్ తూటాలకైతే ఇత్తడి అడుగున పచ్చ చిలుము కనబడుతుంది. రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్లు వారానికోసారైనా నూనెగుడ్డ పెట్టాల్సిందే. కారు పెట్టెలో సిలికా జెల్ సంచి ఒకటి వేసుకుని, నెలకోసారి మార్చండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కార్లు ఏమయ్యాయో అందరం చూశాం. చెట్లు మీద పడి నుజ్జయినవి, అద్దాలు పగిలి నడిరోడ్డు మీద రోజుల తరబడి ఉన్నవి. కరెంటు లేదు, ఫోను లేదు. ‘రాత్రికి కారులోనే ఉండనీలే’ అనే అలవాటున్నవాళ్లు ఆ రోజుల్ని గుర్తు చేసుకోవాలి.

తూటాలు తీయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కారులో ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఆ పనిలోనే. పిస్టల్‌కి తూటాలుండే డబ్బీ, అదే మ్యాగజైన్, తీసేశాను కదా, ఖాళీ అయిపోయింది అనుకుంటారు. పేలే తూటా కూర్చునే చాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. కొందరు తిరగేసి చేస్తారు, ముందు పిస్టల్ పైభాగం, అంటే స్లయిడ్, లాగుతారు, ఒక తూటా బయటపడుతుంది, హమ్మయ్య అనుకుంటారు. మ్యాగజైన్ లోపలే ఉంది కాబట్టి ఇంకోటి పైకి ఎక్కేసింది! ముందు మ్యాగజైన్, తర్వాత స్లయిడ్, ఆ తర్వాత కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు ఖాళీ అనాలి. ఈ పని కారు సీట్లో కూర్చుని చేయకూడదు. ఆ ఇరుకులో గొట్టం ఎటు తిప్పినా మీ మోకాలో, పక్కవాడి కడుపో, తలుపవతల నడిచే మనిషో ఉంటాడు. కారు రేకు గుండును ఆపదు.

మిలటరీలో దీనికో పద్ధతుంది. ఆయుధాలన్నీ ఆయుధాగారంలో, మా మాటలో కోత్‌లో ఉంటాయి. తీసుకుంటే రిజిస్టర్‌లో సంతకం, ఇచ్చేస్తే సంతకం. గార్డు రూము బయట ఇసుక నింపిన డ్రమ్ము ఉంటుంది, గొట్టాన్ని దాంట్లోకి పెట్టి ఖాళీ చేస్తారు. పొరపాటున పేలినా ఇసుకలో పోతుంది. మీ ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కూడా ఆయుధాగారం ఇలాగే నడుస్తుంది. ప్రభుత్వం తుపాకీకి ఇంత మర్యాద ఉంది, దాన్ని మోసేవాడికి ఏళ్ల తరబడి శిక్షణ ఉంది. అదే పేలుడు, అదే గాయం చేయగల మా ప్రైవేటు తుపాకీ మాత్రం జగదాంబ సెంటర్‌లో, పార్క్ చేసిన కారులో, కూరగాయల సంచి కింద ఉంటుంది.

ఎందుకుంటుంది అంటే, పెట్టడానికి ఇంకో చోటు లేక. మాల్‌కు వెళ్తే మెటల్ డిటెక్టర్ దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు, ఆపాలి కూడా. కోర్టులో ఆపుతారు, కలెక్టరేట్‌లో ఆపుతారు. ఎయిర్‌పోర్టు సంగతి చెప్పక్కర్లేదు. ముందే డిక్లేర్ చేసి, ఖాళీ చేసి, చెకిన్ లగేజీలో వేసే పద్ధతి ఉంది కానీ, ఆ తతంగం పడలేక కారులోనే వదిలేసి రెండు రోజులకు హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. ఇలా ప్రతి గేటు దగ్గరా ‘లోపలికి తేవద్దు’ అని సరిగ్గానే చెప్తున్నాం. ‘మరి ఇక్కడ పెట్టండి’ అని ఎక్కడా చెప్పడం లేదు. దాంతో ఊరంతా కార్లే లాకర్లు.

కాబట్టి నా మొదటి విన్నపం. ఊరి మధ్యలో, జగదాంబ దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో ఒక స్టేషన్‌లో, గాజువాక వైపు ఒకటి, మధురవాడ వైపు ఒకటి, రోజువారీ డిపాజిట్ ఏర్పాటు చేయించండి. లైసెన్సు చూపించి, తుపాకీని ఖాళీ చేసి అప్పగిస్తే రసీదు ఇవ్వాలి, సాయంత్రం రసీదు ఇస్తే తుపాకీ తిరిగివ్వాలి. స్టేషన్‌కి వచ్చినవాడిని బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెడితే మళ్లీ రాడు, డిక్కీలోనే పెట్టుకుంటాడు. పని పది నిమిషాల్లో తెమలాలి. కావాలంటే రుసుము పెట్టండి. తుపాకీ కొన్నవాడికి వంద రూపాయలు బరువు కాదు.

ఎన్నికలప్పుడు ఈ డిపాజిట్ మాకు అనుభవమే. 2024 మే 13 పోలింగ్‌కి ముందు కూడా జరిగింది. బ్యాంకు డ్యూటీలో ఉన్నవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది గానీ, అప్పుడు నాకు డ్యూటీ లేదు, ఇచ్చేశాను. ఏ స్టేషనో చెప్పను. నూనె పట్టించి ఇచ్చిన తుపాకీ తిరిగొచ్చేసరికి గొట్టం మీద వేలిముద్రల ఆకారంలో తుప్పు. ఎవరో ఒట్టి చేత్తో పట్టుకుని, అలాగే గోడకు ఆనించి వదిలేశారు. చేతి చెమటకు ఉప్పుగాలి తోడైతే అంతే. సిబ్బందిని తప్పుపట్టను, వాళ్లకు రైటింగు పనే తలకు మించి ఉంటుంది. ఒక చెక్క స్టాండు, ఒక నూనెగుడ్డ, నంబరు చీటీ, చూసుకునే ఒక మనిషి ఉంటే చాలు.

రెండోది వాహన తనిఖీలు. గంజాయి రవాణా వల్ల మన్యం ఏజెన్సీ నుంచి వచ్చే దారుల్లో, అగనంపూడి, ఆనందపురం వైపుల్లో తనిఖీలు ఎక్కువే, ఉండాల్సిందే. ఆయుధ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించడం మా బాధ్యత. అందుకే లైసెన్సుదారులకు చెప్తున్నాను. ఆపగానే ఇంజను ఆపండి, లోపలి లైటు వేయండి, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టండి. ‘సార్, నా దగ్గర లైసెన్సు ఉన్న ఆయుధం ఉంది, కుడి నడుముకు ఉంది, కాగితాలు చొక్కా జేబులో ఉన్నాయి’ అని మెల్లగా చెప్పండి. చెప్పకుండా కదలొద్దు. కాగితాలు తుపాకీకి దూరంగా, వేరే చోట ఉండాలన్నది ఇందుకే. మీ సిబ్బందికి మీరు చెప్పాల్సింది ఇంకో సగం. ‘ఒరేయ్, గన్నుందిరా’ అని కేక వేస్తే చుట్టూ ఉన్న ఆటోలన్నీ తొంగి చూస్తాయి. రోడ్డు మీదే గన్ను తీయించి, ఆ చేతా ఈ చేతా తిప్పి చూసే అలవాటు మానాలి. పక్కకు తీసుకెళ్లి, లైసెన్సు మీద ఉన్న గుర్తింపు నంబరు (యూఐఎన్), తుపాకీ నంబరు సరిచూస్తే పని అయిపోతుంది. తుపాకీని తాకాల్సే వస్తే తెలిసినవాడు ఒక్కడే తాకాలి.

మూడోది రెన్యువల్. లైసెన్సు గడువు 2019 సవరణతో 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. అంటే మా తుపాకీని అధికారులు చూసేది అయిదేళ్లకోసారి. ఆ ఒక్కసారైనా ఇంట్లో లాకర్ గురించి అడిగినట్టే ‘బండిలో ఎలా తీసుకెళ్తున్నావు, చూపించు’ అని అడగండి. హోల్‌స్టర్ తెమ్మనండి, సంచి తెమ్మనండి, కారులో పెట్టె ఉంటే కారే తెమ్మనండి. సరిగా లేకపోతే నెల గడువివ్వండి. అడుగుతారని తెలిస్తే కొనుక్కుంటారు. మా మనుషుల సంగతి నాకు తెలుసు.

శిక్షణ మాటకొస్తే, మాలాంటి రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. నెలకో ఆదివారం ఉదయం ఏదైనా పోలీసు గ్రౌండులో చోటిస్తే, లైసెన్సుదారులకు కారులో, బైకు మీద తుపాకీ ఎలా తీసుకెళ్లాలో, ఎలా ఖాళీ చేయాలో డమ్మీ తూటాలతో చేసి చూపిస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు. స్టేషన్లలో పెట్టాల్సిన ఇసుక డ్రమ్ముల లెక్క కూడా రాసిస్తాం, ఎంత లోతు ఉండాలో, ఏ గోడకు ఆనించాలో. మన రాష్ట్రంలో ఇసుక గొడవ ఎప్పుడూ ఉండేదే కానీ, డ్రమ్ముకు సరిపడా దొరక్కపోదు.

మీ కార్యాలయం నుంచి జవాబు వస్తే పదిమందికీ కనబడేలా పెడతాను. ఎవరితో మాట్లాడాలో చెప్తే డ్యూటీ లేని రోజు చూసుకుని వస్తాను. ఆ రోజు తుపాకీ ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు
మాజీ సైనికుడు, గన్‌మన్
పెందుర్తి, విశాఖపట్నం